సేనాని సంతకం

1916 జూన్ 3వ తేదీ. బాగా పొద్దుపోయింది. ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న బెర్దిచెవ్ పట్నంలో, రష్యా సైన్యపు నైరుతి రంగం ప్రధాన స్థావరానికి తంతి మీద పిలుపొచ్చింది. అవతలి కొసన మొగిల్యోవ్. జార్ చక్రవర్తి మకాం అక్కడే. మొత్తం సైన్యాన్ని నడిపే ‘స్తావ్కా’ అక్కడే. మాట్లాడుతున్నది జార్ దగ్గర ముఖ్య సేనాధికారి జనరల్ అలెక్సేయెవ్. ఇవతల ఉన్నది జనరల్ అలెక్సేయ్ బ్రుసిలోవ్. వయసు 62. బక్కపల్చటి మనిషి. గుర్రాల మధ్య పెరిగి, గుర్రాల మధ్యే ఉద్యోగం చేసినవాడు.

తెల్లవారితే దాడి. నాలుగు సైన్యాలు, దాదాపు 6 లక్షల మంది, 400 కిలోమీటర్లకు పైగా పొడవున్న కందకాల్లో కాచుకుని ఉన్నారు. ఇక మిగిలింది తెల్లవారడమే.

అలెక్సేయెవ్ చెప్పిన కబురు సారాంశం ఇది. ఇన్నిచోట్ల ఒకేసారి కొట్టడం చక్రవర్తికి నచ్చడం లేదు. దాడి కొన్నాళ్లు ఆపండి. బలగాన్నీ ఫిరంగుల్నీ ఒక్కచోటికి చేర్చి ఒక్క దెబ్బ కొట్టండి. ఈ యుద్ధంలో అందరూ చేస్తున్నది అదే కదా!

బ్రుసిలోవ్ ఒప్పుకోలేదు. సైన్యాలు బారులు తీరి నిలబడ్డాయనీ, ఇప్పుడు ఆపమన్న ఆజ్ఞ కింది దాకా చేరేలోపే ఫిరంగులు మోగుతాయనీ చెప్పాడు. మాటిమాటికీ ఆజ్ఞలు మారిస్తే సైనికుడికి పైవాళ్ల మీద నమ్మకం పోతుందన్నాడు. కుదరదంటే తనను తప్పించి వేరేవాళ్లను పెట్టుకోమన్నాడు. ప్రభువు పడుకున్నారు, ఇప్పుడు లేపలేను, మీరే కాస్త ఆలోచించుకోండి అన్నాడు అలెక్సేయెవ్. ప్రభువు నిద్రతో నాకు పనిలేదు, ఆలోచించుకునేదీ లేదు, జవాబు ఇప్పుడే కావాలన్నాడు బ్రుసిలోవ్. అవతలి వైపు కాసేపు తటపటాయింపు. చివరికి, దేవుడు మీకు తోడుండాలి, మీకు తోచినట్టు చేయండి, పొద్దున్నే ఆయనకు చెబుతానని సెలవు తీసుకున్నాడు అలెక్సేయెవ్.

ఈ సంభాషణను బ్రుసిలోవే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. తన కథను తనే చెప్పుకునేటప్పుడు ఏ మనిషైనా తన గొంతు కాస్త పెంచుకుంటాడు, ఎదుటివాడి గొంతు కాస్త తగ్గిస్తాడు. ఆ తరుగు తీసేసినా అసలు విషయం మారదు. జార్ నిద్రపోయాడు. దాడి ఆగలేదు.

(ఆనాటి రష్యా పంచాంగం మన క్యాలెండర్‌కు 13 రోజులు వెనకుండేది. వాళ్ల లెక్కలో ఆ రాత్రి మే 21. ఈ కథలో తేదీలన్నీ మన లెక్కలోనే ఇస్తున్నాను.)

* * *

బ్రుసిలోవ్ పుట్టింది రష్యాలో కాదు, కాకసస్ కొండల్లోని తిఫ్లిస్‌లో. ఇప్పుడది జార్జియా రాజధాని త్బిలీసీ. పుట్టిన సంవత్సరం 1853. తండ్రి కూడా జనరలే. నెపోలియన్ మీద బొరొదినో పోరాటంలో పాల్గొన్నవాడు. ముదిమి వయసులో పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్నాడు. అలెక్సేయ్‌కి ఆరేళ్లు నిండీ నిండకుండానే తండ్రి పోయాడు. నెలల వ్యవధిలో క్షయతో తల్లి పోయింది. పిల్లల్ని కుతాయిసీలో ఉండే పిన్నీ బాబాయీ పెంచారు.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దొరబిడ్డలు చదివే సైనిక పాఠశాలలో చదివాడు. 1872లో త్వేర్ డ్రాగూన్ల రెజిమెంటులో చేరి మళ్లీ కాకసస్‌కే వెళ్లాడు. 1877-78లో టర్కీతో యుద్ధం వచ్చింది. అర్దహాన్, కార్స్ కోటల దగ్గర పోరాడి పతకాలు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత పీటర్స్‌బర్గ్‌లోని ఆశ్వికాధికారుల పాఠశాలలో అడుగుపెట్టి, పాతికేళ్ల పాటు అక్కడే ఉండిపోయాడు. శిష్యుడిగా చేరి చివరికి ఆ బడికే అధిపతి అయ్యాడు.

రష్యా సైన్యంలో పైకి రావాలంటే జనరల్ స్టాఫ్ అకాడమీ గుమ్మం తొక్కాలి. బ్రుసిలోవ్ తొక్కలేదు. మ్యాపుల ముందు కూర్చుని వ్యూహాలు గీసే పెద్దలకు ఆయన ఎప్పుడూ గుర్రపుస్వారీ నేర్పే మేష్టారే. నాకైతే ఆ లోటే ఆయనకు కలిసొచ్చిందనిపిస్తుంది. పుస్తకంలో ఏది కుదరదని రాసి ఉందో ఆయనకు ఎవరూ బెత్తం పట్టుకుని నేర్పలేదు మరి.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఎనిమిదో సైన్యానికి అధిపతి. ఆస్ట్రియా ఏలుబడిలోని గలీషియాలో ఆ దేశపు సేనల్ని తరిమాడు. 1915లో గుండ్లు లేక, తుపాకులు చాలక రష్యా సైన్యమంతా వెనక్కి తగ్గినప్పుడు ఆయనా తగ్గాడు. 1916 వసంతంలో నైరుతి రంగం మొత్తం ఆయన చేతికొచ్చింది. వచ్చిన రెండు వారాలకే మొగిల్యోవ్‌కు రమ్మని పిలుపు.

* * *

1916 ఏప్రిల్ 14. యుద్ధ సమాలోచన. అధ్యక్ష స్థానంలో జార్ రెండో నికొలాయ్. ఆయన కూర్చున్నాడే గానీ చర్చలో వేలు పెట్టలేదు. ఉత్తర రంగం నుంచి కురోపాత్కిన్ వచ్చాడు. జపాన్ చేతిలో 1905లో దెబ్బతిన్న సేనాని ఆయనే. పశ్చిమ రంగం నుంచి ఎవెర్ట్ వచ్చాడు. నైరుతి రంగం పగ్గాలు బ్రుసిలోవ్‌కు అప్పగించి పక్కకు తప్పుకున్న ముసలి ఇవానోవ్ కూడా ఉన్నాడు.

నెల కిందటే నరోచ్ సరస్సు దగ్గర రష్యా దాడి ఘోరంగా విఫలమైంది. కరిగే మంచులో, బురదలో సుమారు లక్ష మంది నష్టం. జర్మన్ల గీత చెక్కుచెదరలేదు. ఆ దెబ్బ గదిలో ఉన్న ప్రతివాడి ముఖంలోనూ కనబడి ఉండాలి. ప్రధానమైన దాడి ఎవెర్ట్ చేయాలి, ఉత్తరం సాయపడాలి, నైరుతి కదలకుండా కాపలా కాయాలి. అలెక్సేయెవ్ గీసిన పథకం ఇది. కురోపాత్కిన్ పెదవి విరిచాడు. ఎవెర్ట్ కూడా విరిచాడు. పెద్ద ఫిరంగులూ వాటికి గుండ్లూ వస్తే తప్ప కాపాడుకోవడమే మేలన్నారు.

బ్రుసిలోవ్ వంతు వచ్చింది. నా సైన్యాలు దాడి చేయగలవు, చేయనివ్వండి అన్నాడు. అదనంగా ఒక్క దళం అడగను, ఒక్క ఫిరంగి అడగను. నేను గెలవకపోయినా, నా ముందున్న శత్రువు కదలకుండా పట్టుకుంటే పక్కవాళ్ల పని తేలికవుతుంది కదా అన్నాడు. అలెక్సేయెవ్‌కు అభ్యంతరం లేదు. సాయం ఏమీ రాదని మాత్రం ముందే చెప్పాడు. జార్ తలూపాడు.

భోజనాల దగ్గర కురోపాత్కిన్ ఆయన్ని పలకరించాడు. ఇప్పుడే పదవిలోకి వచ్చారు, మీకు మంచి పేరుంది, అడగని పనికి ఎదురెళ్లి ఆ పేరెందుకు పోగొట్టుకుంటారు, మీ స్థానంలో నేనుంటే ఎలాగోలా ఈ పని తప్పించుకునేవాణ్ని అన్నది ఆ పలకరింపు సారాంశం. అది వెటకారం కాదు. పెద్దవాడు చిన్నవాడికి మనసారా ఇచ్చిన సలహాయే. ఎత్తిన చేయి దించితే చాలు, ఎవరూ ఏమీ అనరు. ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసినవాళ్లకు ఈ సలహా వాసన తెలిసే ఉంటుంది.

ఇవానోవ్ ఇంకో అడుగు ముందుకేశాడని బ్రుసిలోవ్ రాశాడు. సమావేశం అయ్యాక జార్ దగ్గరికెళ్లి, సైన్యం అలసిపోయింది, ఈ దాడి ఆపించండని కన్నీళ్లు పెట్టుకున్నాడట. సమావేశంలో తేలినదాన్ని నేనొక్కణ్నీ మార్చలేనన్నాడట జార్.

* * *

ఇక కందకాల దగ్గరికి రండి. ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న భాగం ఇదే.

ఆస్ట్రియన్లు తొమ్మిది నెలలుగా తవ్విన కోట అది. మూడేసి వరుసల కందకాలు. ముందు ముళ్లతీగల అడవి. భూమిలోకి లోతుగా తవ్వి, పైన దుంగలు పరిచి, మట్టి కప్పిన గదులు. మీద గుండు పడ్డా లోపలున్నవాడు బతుకుతాడు. అలాంటి గోడను బద్దలుకొట్టాలంటే ఆనాడు ఫ్రాన్సులో, బ్రిటన్‌లో తెలిసిన మార్గం ఒక్కటే. ఒకచోటు ఎంచుకో. దేశంలో ఉన్న ఫిరంగులన్నీ అక్కడ పేర్చు. రోజుల తరబడి కాల్చు. తర్వాత మనుషుల్ని పంపు. ఇందులో చిక్కు ఏమిటంటే, రోజుల తరబడి కాల్చావంటే ఎక్కడికి వస్తున్నావో శత్రువుకు ఉత్తరం రాసి చెప్పినట్టే. వాడు రైళ్లలో రిజర్వు దళాల్ని తెచ్చి అక్కడే నిలబెడతాడు.

బ్రుసిలోవ్ లెక్క తిరగేశాడు. నాలుగు సైన్యాలనూ నాలుగు చోట్ల దాడికి సిద్ధం కమ్మన్నాడు. వాటి కింద కొన్ని దళాలను కూడా తమ తమ చోట్ల తవ్వమన్నాడు. మొత్తం 20కి పైగా చోట్ల మట్టి లేచింది. శత్రువు విమానం పైనుంచి చూస్తే ఎక్కడ చూసినా తవ్వకాలే. ఏది అసలుది, ఏది బూటకం? రిజర్వులు ఎక్కడ పెట్టాలి? ఇవతలినుంచి ఎవరైనా పారిపోయి వెళ్లి చెప్పినా, వాడికి తెలిసేది తనున్నచోటి సంగతే.

ఇక తవ్వకం. రెండు సైన్యాల కందకాల మధ్య ఖాళీనేల కొన్నిచోట్ల కిలోమీటరుకు పైగానే ఉండేది. తుపాకీ పట్టుకుని అంతదూరం పరుగెత్తే మనిషిని మెషిన్‌గన్ సగం దారిలోనే ఆపేస్తుంది. కాబట్టి పరుగు తగ్గాలి. రాత్రయ్యేసరికి పారలు పట్టుకుని మనుషులు ముందుకు పాకేవాళ్లు. సన్నటి కాలువలా కొంత దూరం తవ్వేవాళ్లు. దాని కొసన అడ్డంగా ఇంకో కందకం. మర్నాటి రాత్రి అక్కణ్నుంచి మళ్లీ ముందుకు. చెద పురుగు గోడలోకి దారి చేసుకున్నట్టు. వారాలు గడిచేసరికి చాలాచోట్ల ఎడం వంద మీటర్లకు, అంతకంటే తక్కువకు వచ్చేసింది. అవతలివాడు దగ్గితే వినబడేంత దూరం.

వెనక రిజర్వు సైనికులు దాక్కోవడానికి పెద్దపెద్ద గుంతలు తవ్వారు. ఇంకా వెనక, శత్రువు కందకాల నమూనాలను ఉన్నవి ఉన్నట్టే కట్టి, వాటి మీద దాడి అభ్యాసం చేయించారు. ఎక్కడ మలుపుందో, మెషిన్‌గన్ గూడు ఎక్కడుందో విమానంలోంచి తీసిన ఫోటోలు చూసి గుర్తుపెట్టుకున్నారు. ఫిరంగి దళం అధికారులు వెనక కూర్చోకుండా పదాతి దళం పక్కనే ఉండి గురి చెప్పాలన్నారు. ఇప్పుడు వింటే ఇదంతా మామూలు సంగతే. 1916లో ఇది కొత్త. ఇందులో మంత్రమేమీ లేదు. చచ్చేది ఎవడో వాడి వైపు నుంచి ఆలోచించడమే.

ఈ మధ్యలో ఒడెస్సాలో ఒక చిన్న ఘట్టం. మహారాణి అలెగ్జాండ్రా తన రైల్లో బ్రుసిలోవ్‌ను పిలిపించుకుంది. దాడి ఎప్పుడని అడిగింది. ఆమె చుట్టూ చేరినవాళ్ల నోళ్లలో రహస్యం నిలవదని రష్యా అంతా చెప్పుకునే రోజులవి. ఆ తేదీ ఎంత రహస్యమంటే నాకే గుర్తులేదమ్మా అని తప్పించుకున్నాడు బ్రుసిలోవ్. ఆమె సెయింట్ నికొలాయ్ బొమ్మ ఉన్న చిన్న పతకం చేతిలో పెట్టింది. ఆ బొమ్మ మీది రంగు కొద్దిరోజుల్లోనే చెరిగిపోయి ఉత్త వెండి బిళ్ల మిగిలిందని, దాన్నొక శకునంలా, ఆయన తర్వాత రాసుకున్నాడు.

* * *

జూన్ 4 తెల్లవారుజామున ఫిరంగులు మొదలయ్యాయి. కొన్నిచోట్ల ఆరు గంటలే కాల్చారు, కొన్నిచోట్ల దాదాపు రెండు రోజులు. ఆస్ట్రియా సర్వసేనాని ఆర్చ్‌డ్యూక్ ఫ్రెడరిక్‌కు సరిగ్గా ఆ రోజే అరవై నిండాయి. రష్యన్లకు ఈ గీత దాటే సత్తా ఉందని ఆయన కొలువులో ఎవరూ అనుకోలేదు.

గుండ్లు ఆగగానే ఆస్ట్రియన్లు లోపలి గదుల్లోంచి బయటికి రావాలి, మెషిన్‌గన్ నిలబెట్టాలి. అందుకు నిమిషాలు పడతాయి. ఇవతలివాడికి వంద మీటర్లు దాటడానికి అంత సమయం అక్కర్లేదు. ఆస్ట్రియన్ సైనికులు మెట్లెక్కి పైకి వచ్చేసరికి గుమ్మంలో రష్యన్ బాయొనెట్లు. గదులకు గదులే చేతులెత్తాయి. జూన్ 7న కలెదిన్ నడిపిన ఎనిమిదో సైన్యం లుత్స్క్ పట్నం పట్టుకుంది. 18న దక్షిణాన లెచీత్స్కీ సైన్యం చెర్నోవిత్స్‌లో అడుగుపెట్టింది. జూన్ మధ్యకే ఖైదీల లెక్క రెండు లక్షలకు దగ్గరపడింది. ఎండాకాలం ముగిసేసరికి నాలుగు లక్షల దాకా వెళ్లింది.

అదే జులై 1న ఫ్రాన్సులో, సోమ్ నది దగ్గర, బ్రిటిష్ సైన్యం ఏడు రోజులు ఫిరంగులు కాల్చి పాత పద్ధతిలోనే ముందుకు నడిచింది. ఒక్కరోజులో 57 వేల మందికి పైగా దెబ్బతిన్నారు. ఎకరాల లెక్కన నేల దక్కింది. ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

కానీ పద్మవ్యూహంలోకి దారి చేసుకుని వెళ్లిన అభిమన్యుడికి వెనక ఎవరు వచ్చారు? అక్కడ పాండవుల్ని సైంధవుడు ఆపాడు. ఇక్కడ ఆపినవాడెవడూ లేడు. ఎవెర్ట్ తనంతట తనే ఆగాడు. అసలు ప్రధానమైన దెబ్బ ఆయనది. బ్రుసిలోవ్ మొదలుపెట్టిన పది రోజులకు ఆయన కదలాలి. వాన అన్నాడు, నాలుగు రోజులు అడిగాడు. తర్వాత ఆ చోటు బాగోలేదు, ఇంకోచోట కొడతానన్నాడు. జులై మొదట్లో బరనోవిచి దగ్గర కొట్టి, ఓడి, ఊరుకున్నాడు. ఈలోగా జర్మన్ రైళ్లు పడమటి నుంచి దళాల్ని దించేశాయి.

ఇక్కడ బ్రుసిలోవ్‌ను వెనకేసుకొచ్చేవాళ్లతో నాకు పేచీ ఉంది. తప్పంతా ఎవెర్ట్‌దే, అలెక్సేయెవ్‌దే అంటారు వాళ్లు. జూన్ నెల వరకు ఒప్పుకుంటాను. జులై, ఆగస్టుల్లో కోవెల్ అనే రైల్వే కూడలి కోసం స్తోఖోద్ నది చిత్తడి నేలల్లో జరిగినదానికి మాత్రం ఒప్పుకోను. ఎంపిక చేసి, పోతపోసి పెంచిన రాజ గార్డు దళాల్ని నడుము లోతు బురదలోకి, జర్మన్ మెషిన్‌గన్ల ముందుకు మళ్లీ మళ్లీ పంపారు. ఎడాన్ని వంద మీటర్లకు తగ్గించడానికి వారాల తరబడి తవ్వించిన సేనాని, ఆగస్టుకల్లా మిగతా జనరల్స్ లాగే తయారయ్యాడు. మొత్తం మీద ఈ దాడిలో చనిపోయిన, గాయపడ్డ, పట్టుబడ్డ రష్యన్ల సంఖ్య ఐదు లక్షలని కొందరు, పది లక్షలని కొందరు లెక్కగట్టారు.

ఫలితం చిన్నది కాదు. ఇటలీ మీద ఆస్ట్రియా బిగించిన ఉచ్చు సడలింది. వెర్దూన్ దగ్గర ఫ్రాన్సుకు కాస్త ఊపిరాడింది. ఆగస్టులో రుమేనియా మిత్రరాజ్యాల వైపు దూకింది. ఆస్ట్రియా సైన్యం ఆ తర్వాత జర్మన్ల చేయి పట్టుకోకుండా నిలబడలేదు. మొదట దీన్ని ‘లుత్స్క్ దాడి’ అన్నారు. తర్వాత్తర్వాత జనం నోట అది బ్రుసిలోవ్ దాడి అయింది. ఆ యుద్ధంలో పోరాటాలకు చాలావరకు ఊళ్ల పేర్లు, నదుల పేర్లు. దీనికి మనిషి పేరు. కురోపాత్కిన్ జాగ్రత్తగా దాచుకోమన్న పేరు అదే.

* * *

ఆ పేరుతో తర్వాత ఎవరెవరు ఏం చేశారన్నది మిగతా కథ.

1917 మార్చిలో రాజధాని తిరగబడింది. సింహాసనం వదలమని చక్రవర్తిని అడగాలా వద్దా అని అలెక్సేయెవ్ రంగాల అధిపతులందరికీ తంతి పంపాడు. వదలమనడమే మేలని బ్రుసిలోవ్ జవాబిచ్చాడు. మిగతావాళ్లూ అదే అన్నారు. జార్ ప్స్కోవ్ స్టేషన్లో, రైలుపెట్టెలో సంతకం పెట్టాడు.

జార్ దిగిపోయాక ఏర్పడ్డ తాత్కాలిక ప్రభుత్వం జూన్‌లో బ్రుసిలోవ్‌ను సర్వసేనానిని చేసింది. మొగిల్యోవ్‌లో దిగగానే వందనం చేస్తూ నిలబడ్డ సిపాయిలకు ఆయన చేయి చాచాడు. రెండు చేతుల్లో తుపాకీ ఎత్తి పట్టుకున్నవాడు చేయి ఎలా కలుపుతాడు? తికమకపడ్డారు. చూస్తున్న అధికారులు మొహాలు ముడుచుకున్నారు. యుద్ధమంత్రి కెరెన్‌స్కీ కోరిన దాడి జులైలో మొదలై, ఆ నెల్లోనే కుప్పకూలింది. రెజిమెంట్లకు రెజిమెంట్లు ఓట్లు వేసుకుని ఇంటిదారి పట్టాయి. రెండు నెలలకే బ్రుసిలోవ్‌ను తీసేసి జనరల్ కొర్నీలోవ్‌ను పెట్టారు. ఆయన మాస్కో వెళ్లి మన్సూరోవ్‌స్కీ సందులోని ఒక ఇంట్లో కాపురం పెట్టాడు.

నవంబరులో మాస్కో వీధుల్లో అధికారం చేజిక్కించుకుంటున్న బోల్షెవిక్కులకూ వాళ్ల ప్రత్యర్థులకూ కాల్పులు జరుగుతుండగా ఒక ఫిరంగి గుండు ఆ ఇంట్లో పడింది. రెండు యుద్ధాలు చేసిన జనరల్ సొంత ఇంట్లో కాలు పోగొట్టుకున్నంత పనైంది. నెలల తరబడి ఆసుపత్రి. దాన్ నది దగ్గర బోల్షెవిక్కుల మీద పోరాడే శ్వేత సైన్యాలు కూడుతున్నాయి, రమ్మని కబుర్లొచ్చాయి. ఆయన వెళ్లలేదు. 1918లో బోల్షెవిక్కులు అరెస్టు చేసి కొన్ని వారాలు క్రెమ్లిన్ కాపలాగదిలో ఉంచారు. అదే ఏడు తమ్ముడు బోరిస్ జైల్లో చనిపోయాడు. కొడుకు అలెక్సేయ్ బోల్షెవిక్కుల ఎర్రసైన్యంలో చేరి, 1919లో శ్వేతసేనల చేతికి చిక్కాడు. మళ్లీ ఇంటికి రాలేదు.

ఆ ఇంట్లో ఆయనకు తోడు భార్య నద్యేజ్దా. మొదటి భార్య పోయాక 1910లో చేసుకున్న పెళ్లి. ఈ నద్యేజ్దా ఎవరో చెబితే మన పాఠకులు కాస్త ముందుకు వంగుతారు. దివ్యజ్ఞాన సమాజం స్థాపించిన హెలీనా బ్లావట్‌స్కీకి సొంత చెల్లెలి కూతురు. 1882 మే నెలలో మద్రాసు నుంచి బకింగ్‌హామ్ కాలువ మీద పడవలో నెల్లూరు వచ్చి, అక్కణ్నుంచి గుంటూరు దాకా వెళ్లిన బ్లావట్‌స్కీయే. ఆ ఏడాది చివర్లోనే ఆమె అడయారులో స్థిరపడింది. బ్లావట్‌స్కీ తల్లి వైపు వాళ్లది తిఫ్లిస్‌లో పేరున్న ఇల్లు. బ్రుసిలోవ్‌కు ఆ కుటుంబం కుర్రతనం నుంచీ తెలుసు. అతీంద్రియ విద్యల మీద ఆయనకూ ఆసక్తి ఉండేది. సైన్యంలో కొందరు దాని గురించి నవ్వుకునేవాళ్లు కూడా.

* * *

1920 మే. పోలండ్ సైన్యం కీవ్ పట్టుకుంది. మాస్కోలో ఆకలి, చలి దాటి వచ్చిన 66 ఏళ్ల ముసలాయనకు ఇది బోల్షెవిక్కుల గొడవలా కనబడలేదు. రష్యా నేల మీదికి పరాయివాడు వచ్చాడు, అంతే. ఆయనే ముందుకొచ్చాడు. మే 30న ఒక విజ్ఞప్తి వెలువడింది. మాజీ అధికారులారా, మీరెక్కడున్నా, ఎన్ని అవమానాలు పడ్డా, అవి మరచి దేశం కోసం ఎర్రసైన్యంలో చేరండి అన్నది దాని సారం. మొదటి సంతకం బ్రుసిలోవ్‌ది. వేలాది మంది పాత అధికారులు చేరారు. ప్రవాసంలో ఉన్నవాళ్లు మాత్రం ఆయన పేరెత్తితే ఉమ్మేశారు. ప్రభుత్వాలు వస్తాయి పోతాయి, రష్యా ఉంటుందన్నది ఆయన వాదం. తప్పో ఒప్పో, ఆ సంతకం ఆయన తెలిసి పెట్టిందే. దానికి నేను ఆయన్ని తప్పుపట్టను.

రెండో సంతకం కథ వేరు.

అప్పటికి దక్షిణాన శ్వేతసేనలకు మిగిలిన ఆఖరి చోటు క్రిమియా. అక్కడ సేనాని బారన్ రాంగెల్. ట్రాట్‌స్కీ తర్వాత యుద్ధశాఖలో రెండోవాడైన స్క్లయాన్‌స్కీ బ్రుసిలోవ్‌ను కలిసి ఒక కబురు చెప్పాడు. రాంగెల్ అధికారులు విసిగిపోయారు, ఆయన్ని దించేసి మన వైపు రావడానికి సిద్ధంగా ఉన్నారు, మీరు వచ్చి నాయకత్వం వహిస్తే చాలు అంటున్నారు అని. ముసలాయన నమ్మాడు. ఎలా నమ్మకుండా ఉంటాడు? నలుగురిలో ద్రోహి అనిపించుకున్నవాడికి, వెలివేసిన తన వాళ్లే తనను రమ్మంటున్నారన్న కబురు అది. క్రిమియా వెళ్తానన్నాడు. తనతో రావడానికి నమ్మకస్తుల్ని కూడగట్టుకున్నాడు.

సెప్టెంబరు 12 తేదీతో రాంగెల్ అధికారులకు ఒక పిలుపు అచ్చయింది. ఆయుధాలు దించండి, ఏ శిక్షా ఉండదు, అందరికీ క్షమాభిక్ష అని. కింద పేర్లు కలీనిన్, లెనిన్, ట్రాట్‌స్కీ, సర్వసేనాని కామెనెవ్. వాటి పక్కన బ్రుసిలోవ్. మొదటి నాలుగు పేర్లను క్రిమియాలో ఏ అధికారీ నమ్మడు. ఐదో పేరు దగ్గర మాత్రం ఆగుతాడు. లుత్స్క్ దగ్గర తనను నడిపించినవాడి పేరు కదా! ఆ పేరు అక్కడ ఉండడానికి కారణం అదే.

ప్రయాణం కబురు రాలేదు. ఆ పథకం చెడిపోయిందన్నారు.

నవంబరు మధ్యలో ఎర్రసైన్యం క్రిమియాలోకి దూసుకెళ్లింది. రాంగెల్ 126 ఓడల్లో సుమారు లక్షా నలభై ఐదు వేల మందిని తీసుకుని వెళ్లిపోయాడు. ఓడ ఎక్కనివాళ్లున్నారు. కొందరు చోటు చాలక, కొందరు ఊరు వదల్లేక, కొందరు క్షమాభిక్ష మాట నమ్మి. వాళ్లను పేర్లు నమోదు చేయించుకోమన్నారు. వరసలో నిలబడి పేరు, హోదా, రెజిమెంటు చెప్పారు. ఆ జాబితాలు పట్టుకుని వేల మందిని కాల్చి చంపారు. బేలా కూన్, జెమ్ల్యాచ్కా అనే ఇద్దరు పార్టీ పెద్దల పేర్లు ఆ శీతాకాలానికి అంటుకుపోయాయి.

బ్రుసిలోవ్‌కు మెల్లగా తెలిసింది. స్క్లయాన్‌స్కీ చెప్పిన తిరుగుబాటు అధికారులు అసలు లేనేలేరనీ, తన పేరు ఎరగా వేశారనీ. చివరి రోజుల్లో రాయించుకున్న జ్ఞాపకాల్లో ఈ సంగతి చెప్పుకుంటూ, నమ్మినందుకు తనను తానే నిందించుకున్నాడు.

అయినా ఆయన దేశం విడిచిపోలేదు. 1923లో ఎర్రసైన్యానికి ఆశ్విక దళ పర్యవేక్షకుడయ్యాడు. అంటే తిరిగి తిరిగి గుర్రాల దగ్గరికే వచ్చాడు. 1924లో ఉద్యోగ విరమణ. మరుసటేడు వైద్యం కోసం చెకొస్లొవాకియాలోని కార్లొవీ వారీకి పంపిస్తే, అక్కడే ఉండిపోవచ్చు గదా అన్నవాళ్లున్నా, తిరిగొచ్చాడు. 1926 మార్చి 17న మాస్కోలో ఊపిరితిత్తుల వాపుతో చనిపోయాడు. జార్ జనరల్‌ను ఎర్రసైన్యం సైనిక లాంఛనాలతో నొవొదేవిచి మఠం ఆవరణలో పూడ్చిపెట్టింది.

జ్ఞాపకాల మొదటి భాగం, అంటే 1916 విజయం ఉన్న భాగం, 1929లో సోవియట్ ప్రభుత్వమే అచ్చువేసింది. రెండో భాగాన్ని నద్యేజ్దా ప్రాగ్ తీసుకెళ్లింది. ఆమె అక్కడే 1938లో చనిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రాగ్‌లోని రష్యన్ ప్రవాసుల పత్రాలు మాస్కో చేరాయి. ఆ రెండో భాగంలో బోల్షెవిక్కుల గురించి ఆయన ఏం రాశాడో చూశాక, కొన్నేళ్ల పాటు సోవియట్ పుస్తకాల్లో బ్రుసిలోవ్ దాడి పేరు మళ్లీ ‘లుత్స్క్ దాడి’గా మారిపోయింది. స్టాలిన్ పోయాకే ఆ పేరు తిరిగొచ్చింది.

ఈ కథలో కనబడ్డ మరికొందరి సంగతి కూడా చెప్పాలి. జార్‌ను 1918 జులైలో యెకతెరీన్‌బర్గ్‌లో కుటుంబంతో సహా కాల్చేశారు. అలెక్సేయెవ్ అదే ఏడు శ్వేతసేనను నిలబెడుతూ జబ్బుతో పోయాడు. లుత్స్క్ పట్టిన కలెదిన్ అంతకుముందే తన గుండెకు తనే గురిపెట్టుకున్నాడు. పేరు పాడుచేసుకోకు అని సలహా ఇచ్చిన కురోపాత్కిన్ సొంత ఊరు చేరి, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, 1925లో మంచం మీద చనిపోయాడు.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, ఒకప్పటి ఆశ్విక పాఠశాలకు దగ్గర్లో, 2007లో బ్రుసిలోవ్‌కు విగ్రహం పెట్టారు. 1916లో తనను ఆపబోయిన చక్రవర్తి మాటకు, ఆయన్ని నిద్రలేపైనా సరే, ఇప్పుడే జవాబు కావాలని పట్టుబట్టిన మనిషి అతను. 1920లో మాత్రం, రాంగెల్ అధికారుల్లో ఒక్కడి ఉత్తరమైనా చూపించమని స్క్లయాన్‌స్కీని అడిగినట్టు కనబడదు.